ఎర్ర ట్యాగు కట్టని మోకాలు

ఇరవై రెండేళ్ళుగా నా ఉద్యోగం ఒక్కటే: నడవకూడని యంత్రాన్ని నడవనివ్వకపోవడం. ఆ ఉద్యోగం చేసుకుంటూనే, నడవకూడని కాలితో నేను మూడు నెలలు నడిచాను. ఇంతకు మించిన తెలివితక్కువ పని ఏదైనా ఉంటే చెప్పండి, అదీ చేసి చూస్తాను. కాలు ఇంకొకటి ఉంది.

నాచారంలో ప్లాస్టిక్ పైపులు చేసే ఫ్యాక్టరీలో మరమ్మతుల విభాగానికి ఫోర్‌మన్‌ని. మా దగ్గర మూడు నెలలకొకసారి ప్రతి యంత్రం గేర్‌బాక్సులోంచి చిన్న సీసాడు నూనె తీసి పరీక్షకు పంపుతాం. పళ్ళచక్రాలు పైకి నిగనిగలాడుతూనే ఉంటాయి. చప్పుడూ మారదు. లోపల అరుగుతున్న సంగతి అందరికంటే ముందు చెప్పేది ఆ నూనే. అందులో ఇత్తడి రజను, ఇనుప రజను పెరిగాయని కాగితం వస్తే నేను యంత్రం ఆపేసి, స్విచ్చుకు తాళం వేసి, ఎర్ర ట్యాగు కడతాను. దాని మీద 'నడపరాదు' అని ఉంటుంది, కింద నా సంతకం. కట్టినవాడే విప్పాలన్నది రూలు. మేనేజరైనా, యజమానైనా, కట్టినవాడు వచ్చేదాకా చెయ్యి పెట్టడానికి లేదు. పదేళ్ళ కింద ఒకడు తొందరపడి పెట్టాడు. ఇంకొకడి రెండు వేళ్ళు పోయాయి. అప్పటినుంచి ఆ ఎర్ర రేకును చూస్తే మావాళ్ళు గుడి మెట్టును చూసినట్టు చూస్తారు.

ఇన్ని తెలిసినవాణ్ణి. నా మోకాలికి మాత్రం ట్యాగు కట్టలేదు.

మూడో నంబరు యంత్రం నడిపేది మల్లేశ్. నా భార్య సుజాత తమ్ముడు. నేనే చెప్పి పనిలో పెట్టించాను, కాంట్రాక్టు మీద. బామ్మర్ది బతుకు కోరతాడు, దాయాది చావు కోరతాడు అంటారు. నా బామ్మర్ది నా బతుకు సంగతి ఏమనుకున్నాడో తెలియదు గానీ, నా మోకాలు కోరాడు.

నిరుడు దసరాకు రెండు వారాల ముందు వాడి యంత్రం నూనెలో రజను తేలింది. ట్యాగు కట్టాను. అప్పుడే పెద్ద ఆర్డరు లారీలకెక్కాలి. మేనేజరు నన్నేమీ అనలేక మల్లేశ్‌ను పట్టుకుని షెడ్డు మధ్యలో, అందరి ముందు, అరగంట కడిగేశాడు. సాయంత్రం గేటు దగ్గర వాడు నా దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"గింత సీసల నూనె సూసి నా మిషన్ బందు వెట్టినవ్ బావా. ఆడ నన్ను కుక్కను తిట్టినట్టు తిట్టిన్రు."

"మిషన్ పలిగితె తిట్టుడు గాదు, నిన్ను ముక్కలు ఏరుకోని తీస్కపోవాలె."

"నడుస్తున్నది గద మంచిగ. నడ్సేదాన్ని ఆపుడంటె నీకు మస్తు సంబురం."

నవ్వి ఊరుకున్నాను. అక్కడ ఊరుకోకుండా ఒక టీ తాగించి ఉంటే ఇదంతా రాయాల్సిన పని ఉండేది కాదేమో.

దసరా సెలవుకు ముందు రోజు మా దగ్గర ఆయుధపూజ. పొద్దున్నే యంత్రాలన్నీ కడిగి పసుపు కుంకుమ పెడతాం. పానాలు, సుత్తులు, స్క్రూడ్రైవర్లు వరుసగా పేర్చి నిమ్మకాయలు కోస్తాం. గేటు ముందు బూడిదగుమ్మడికాయ కొట్టేది నేనే. ఆ తర్వాత ఆ రోజంతా ఏ పనిముట్టునూ ముట్టుకోకూడదు, వాటికి విశ్రాంతి. మనుషులకు మాత్రం కబడ్డీ. మరమ్మతుల వాళ్ళొక జట్టు, ఉత్పత్తి వాళ్ళొక జట్టు. గెలిచినవాళ్ళకు బిర్యానీ. ఓడినవాళ్ళకూ అదే బిర్యానీ, కాకపోతే వాళ్ళు వడ్డించాక తినాలి. ఈ వడ్డింపు పరువు కోసం ప్రతి ఏడూ పళ్ళు రాలతాయి.

నాకు నలభై ఆరేళ్ళు. బట్టతల, పొట్ట, బడిలో కూతకు పోయిన జ్ఞాపకం, ఈ మూడే నా ఆస్తి. కుర్రాళ్ళు వద్దన్నా నేనే కూతకు పోయాను. కుడి పాదం నేలలో నాటుకుని, ఎడమ కాలు చాచి, మల్లేశ్ భుజం తాకి వెనక్కి తిరుగుతున్నాను. వాడు నేలమీద పడి రెండు కాళ్ళూ నా కుడి పిక్క చుట్టూ కత్తెరలా వేసి మెలిపెట్టాడు. కత్తెర వేయడం కబడ్డీలో తప్పు. తప్పని వాడికీ తెలుసు. నా ఒళ్ళు తిరిగింది, పాదం తిరగలేదు. మధ్యలో ఉన్నది మోకాలు. చెరుకుగడను తొడ మీద పెట్టి విరిచినట్టు లోపల ఫట్‌మన్న చప్పుడు. చెవితో కాదు, ఎముకతో విన్నాను. నా మొహం మట్టిలో గుద్దుకుంది. నోట్లోకి మన్ను, పళ్ళ మధ్య రక్తం. పైన ముగ్గురు పడి ఉన్నారు. వాళ్ళ కిందనుంచి మల్లేశ్ నా చెవి దగ్గర అన్నాడు.

"గిప్పుడు కట్టు బావా, ట్యాగు."

పనిముట్లకు విశ్రాంతి ఇచ్చే రోజున ఒంటిని పనిముట్టు చేసుకున్నవాడికి ఇంతే జరుగుతుంది. పొద్దున గుమ్మడికాయ నేను పగలగొట్టాను. సాయంత్రానికి అదే వచ్చి నా మోకాలి మీద కూర్చుంది.

రామంతాపూర్‌లో మాది రెండో అంతస్తు, లిఫ్టు లేదు. ఇంటికి ఎలా ఎక్కానో గుర్తు లేదు, ఎన్ని బూతులు తిట్టానో గుర్తుంది. సుజాత గుడ్డలో ఐసు కట్టి మోకాలి మీద పెట్టింది. తన తమ్ముడి సంగతి విన్నాక గుడ్డ పిండి మళ్ళీ పెట్టింది. తర్వాత అంది:

"జనవరిల వాణ్ణి పర్మినెంటు జేస్తరంట. గీ సంగతి బైటపడితె తీసేస్తరు. బాత్రూంల జారిన్నని చెప్పు."

"నాకు కాలిరిగింది సుజాతా."

"కాలు అతుక్కుంటది. పోయిన నౌకరి అతుకుతదా?"

ఆ మాట నన్ను కోసింది. అయినా ఒప్పుకున్నాను. ఒప్పుకోవడానికి నా కారణం వేరే ఉంది. బామ్మర్ది పడగొట్టాడనే కంటే బాత్రూం పడగొట్టిందంటేనే నాకు పరువుగా అనిపించింది. ముగ్గురి కింద పడ్డ కత్తెర ఎవరి కంటా పడలేదు, ఆటలోంచి నేను దులుపుకునే లేచి వచ్చాను, కాబట్టి రాత్రి బాత్రూంలో జారానని మొదట ఫ్యాక్టరీకి చెప్పాను. తర్వాత చుట్టాలకు. పదిహేను రోజుల్లో మా ఇంటికి అయిదు రబ్బరు చాపలొచ్చాయి, బాత్రూంలో పరుచుకోవడానికి. మా బాత్రూములో పట్టేవి రెండు. ఒకటి గుమ్మంలో, ఒకటి వంటింట్లో వేశాం. అయిదోది మల్లేశ్ తెచ్చింది. దాన్ని నేను చెత్తబండిలో వేశాను.

వాపు తగ్గింది. తగ్గితే బాగైందని అనుకున్నాను. చప్పుడు మారలేదు కాబట్టి గేర్లు బాగున్నాయనుకునే మనిషిని నేను ఇరవై రెండేళ్ళుగా ఎగతాళి చేస్తున్నాను. ఇప్పుడు ఆ మనిషిని నేనే.

దీపావళి దాటాక కాలు పక్కకు జారడం మొదలైంది. నడుస్తూ నడుస్తూ ఉంటే మోకాలు లోపల ఏదో మడత పడి, పొడిచినట్టు పొడిచి వదిలేసేది. ఎవరో చెబితే బోడుప్పల్ అవతల ఒక కట్టు కట్టే ఆయన దగ్గరికి పోయాను. వరండాలో జనం వరుసగా కూర్చుని ఉన్నారు. ఆయన నా మోకాలు నొక్కి చూసి, "నరం మడత వడ్డది. రెండు నిమిషాల పని" అన్నాడు. ఇద్దరు నా భుజాలు పట్టుకున్నారు. ఆయన నా మడమను చంకలో ఇరికించుకుని, పిక్కను గుంజి, తడిబట్ట పిండినట్టు పిండాడు. కీలెరిగి వాత పెట్టాలని సామెత. ఆయనకు వాత వచ్చు, కీలే రాదు. నా అరుపుకు వరండాలో కూర్చున్నవాళ్ళలో ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. ఆ రోజు నా వల్ల ఎవరికైనా మేలు జరిగిందంటే ఆ ఇద్దరికే.

కోడిగుడ్డు సొన పట్టీ కట్టించుకుని, నొప్పి మాత్రలు మింగుతూ, మళ్ళీ పనిలోకి పోయాను.

పెద్ద యంత్రాల మీదికెక్కడానికి మాకు పద్నాలుగు ఇనుప మెట్లుంటాయి. నా పనంతా ఆ పైనే. సంక్రాంతి సెలవులయ్యాక ఒక పొద్దున మూడో నంబరు మీదికెక్కుతూ ఏడో మెట్టు దగ్గర కాలు బిగుసుకుపోయింది. చాచలేను, ముడవలేను. తాళం వేసినట్టు. మెట్టు అంచు పట్టుకుని వేలాడుతూ గొంతు చించుకుని అరిచాను. షెడ్డులో చప్పుడుకు ఎవరికీ వినపడలేదు. వినపడ్డాక నలుగురొచ్చి, ఒక్కొక్కరు ఒక్కో దిక్కుకు గుంజి, బస్తాను దింపినట్టు దింపారు. ప్రతి గుంజుడుకూ లోపల బ్లేడు తిరిగింది. చివరి మెట్టు మీద ఒకడి చెంప పగలగొట్టాను. పాపం వాడు నా తల మెట్టుకు తగలకుండా పట్టుకున్నవాడు.

మేనేజరు ఆ మధ్యాహ్నం మెత్తగానే చెప్పాడు. జూలై ఆఖరుకల్లా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఆ పద్నాలుగు మెట్లూ ఎక్కి చూపించాలి. లేకపోతే గేటు దగ్గర గదిలో కూర్చుని లారీలకు పాసులు రాయాలి. యంత్రం గుండె చప్పుడు వినేవాణ్ణి లారీ నంబర్లు రాసుకోమంటే, అది ఉద్యోగం కాదు, శిక్ష.

అప్పుడు పోయాను ఉప్పల్‌లో ఆసుపత్రికి. ఎముకల డాక్టరు కోసం కూర్చునే హాలులో కుర్చీలన్నీ ఒకదానికొకటి అతికించి ఉంటాయి. ఒకరు లేస్తే వరుసంతా ఊగుతుంది. వరుస ఊగినప్పుడల్లా పదిమంది ఒకేసారి మూలిగేవాళ్ళం. నా పక్కన ఒక పెద్దామె, ఒకప్పటి బస్సు కండక్టరట. నా కాలు గాల్లో ఉండటం చూసి, తన సంచి నేలమీద పెట్టి, దాని మీద కాలు పెట్టుకోమంది.

"అందుల ఏమున్నయమ్మా?"

"బత్తాయిలు. నలిగితె నలుగనీ, జ్యూసు తాగుత. యాడ వడ్డవ్ బిడ్డా?"

"బాత్రూంల."

ఆమె నా మొహం చూసింది. ముప్పై ఏళ్ళు టికెట్టు లేనివాళ్ళను పట్టుకున్న చూపు అది. "గా మాట నాకు చెప్పినవ్, మంచిది. డాక్టరుకు చెప్పకు. అబద్ధానికి ఇచ్చిన మందు అబద్ధమే జేస్తది."

లోపల పెద్ద డాక్టరు కంటే ముందు చిన్న డాక్టరమ్మ చూసింది. గుంటూరు వైపు అమ్మాయి, ఇంకా పై చదువు చదువుతోంది. మోకాలిలో నీరు నిండింది, తీయాలి అంది. ఆ సూదిని చూసి ఇది గేదెలకు కదా అనుకున్నాను. చర్మం దగ్గర మొద్దుబారింది గానీ లోపలి పొర దగ్గర నొప్పి కళ్ళలోంచి బయటికొచ్చింది. మంచం ఇనుప చువ్వ పట్టుకుని వంచబోయాను. సిరంజిలోకి పసుపుపచ్చగా, అక్కడక్కడా ఎర్రగా, జిగటగా ద్రవం వచ్చింది.

నొప్పిలోనూ చెయ్యి అలవాటు పోదు. "జర ఇటియ్యమ్మా" అని, ఆమె దాన్ని పోసిన సీసా తీసుకుని కిటికీ వెలుతురుకెత్తి చూశాను.

"ఏం చూస్తున్నారండీ?" అంది నవ్వుతూ.

"రజను."

గేర్‌బాక్సు నూనె సంగతి చెప్పాను. ఆ అమ్మాయి సూది పక్కన పెట్టి స్టూలు దగ్గరికి లాక్కుంది.

"మేమూ అదే వెతుకుతామండీ. మోకాల్లో ఎముకల మధ్య నెలవంకలా రెండు మెత్తలుంటాయి. ఒకటి చిరిగితే బరువంతా గుజ్జు మీద పడుతుంది. గుజ్జు విరిగిన తునకలు, దాన్ని కొరికే రసాయనాలు, వాపు పుట్టించేవి, ఇవన్నీ ఈ నీళ్ళలోకి వస్తాయి. కొన్ని రక్తంలోకి, మూత్రంలోకి కూడా. ఎక్స్‌రేలో అరుగుదల కనిపించడానికి చాలా ముందే రావచ్చు. నా థీసిస్ దాని మీదే. మీరు ఒప్పుకుంటే ఇందులో కొంచెం దాచుకుంటాను."

"అయితె చెప్పమ్మా, నా మోకాలు ఇంకెన్నేండ్లు నడుస్తది?"

"అదే ఇంకా చెప్పలేం. చాలామందిని కలిపి చూస్తే ఏదో తెలుస్తుంది. ఒక్క మనిషికి ఇదీ అని చెప్పేంత గట్టిగా ఇంకా రాలేదు. పైగా మీ మోకాలు బాగున్నప్పటి నమూనా మన దగ్గర లేదు కదా."

ఆ మాట నాకు సూదికంటే లోపలికి దిగింది. కొత్త యంత్రం రాగానే మేం చేసే మొదటి పని నూనె తీసి దాచడం. పోల్చుకోవడానికి అది లేకపోతే తర్వాతి కాగితాలన్నీ సగం గుడ్డివే. నలభై ఆరేళ్ళు ఈ మోకాళ్ళ మీద తిరిగి, ఒక్కసారి కూడా వాటి వంక చూడలేదు.

"ఇంతకీ ఎలా పడ్డారు? పాదం నేలలో ఇరుక్కుని ఉందా? మోకాలు మెలి తిరిగిందా?"

బత్తాయిల సంచి గుర్తొచ్చింది. కబడ్డీ అని చెప్పాను. పేరు మాత్రం చెప్పలేదు.

స్కానింగు గొట్టంలో ఇరవై నిమిషాలు పడుకున్నాను. రేకుల షెడ్డు మీద పదిమంది సుత్తులతో బాదుతున్నట్టు ఆ చప్పుడు. ప్రతి దెబ్బకూ మల్లేశ్‌ను ఒకసారి చంపాను. ప్లాస్టిక్ గుళికల తొట్టిలో వేసి చంపాను. అచ్చులోంచి పైపులా తీసి ముక్కలు కోశాను. మెత్త చిరిగి బకెట్టు పిడిలా పైకి లేచి ఎముకల మధ్య ఇరుక్కుందని, అందుకే తాళం పడిందని చెప్పారు. ఆపరేషను మూడు వారాల తర్వాత. అప్పటిదాకా చంకల కింద కర్రలు.

ఇక్కడినుంచి రాసేది రాయకుండా తప్పించుకోవాలని చాలా రోజులు చూశాను.

ఆపరేషనుకు వారం ముందు ఆదివారం, చూడ్డానికి చుట్టాలు నలుగురొచ్చారు. మధ్యాహ్నం మల్లేశ్ లడ్డూల డబ్బా పట్టుకుని వచ్చాడు. పర్మినెంటు అయింది. అందరికీ పంచి, నా దగ్గరికొచ్చి, నోట్లో లడ్డూ పెట్టబోతూ అన్నాడు:

"బావా, బాత్రూంల జర పైలంగుండాలె. వయసైతున్నది."

చుట్టాలు నవ్వారు. వాళ్ళకు తెలియదు. వాడికి తెలుసు. ఆ నవ్వు నా మోకాలిలోంచి పుట్టి తలకెక్కింది. బోడిగుండుకూ మోకాలికీ ముడి ఏమిటని అడుగుతారు కదా, ఉంది. ఒంటికాలి మీద లేచి, కుడి చంకలోని కర్ర తీసి, వాడి తలకు గురిచూసి బలంకొద్దీ తిప్పాను. తగిలితే చచ్చేవాడు. చావాలనే తిప్పాను. వాడు వంగాడు. వాడి వెనక నీళ్ళ చెంబుతో వస్తున్నది సుజాత. తమ్ముడికి అడ్డంగా చెయ్యి పెట్టింది. కర్ర ఆమె మణికట్టు మీద పడింది. గాజులు పగిలిపోయాయి. చెంబు గోడకు కొట్టుకుని దొర్లింది. నేను బోర్లా పడ్డాను. పడ్డచోట నా కళ్ళ ముందు గాజుముక్కలు, లడ్డూ, రక్తపు చుక్కలు.

ఎవరో టవలు తెచ్చి సుజాత మణికట్టుకు చుట్టారు. 

అదే ఆసుపత్రికి ఆటోలో పోయాం. మల్లేశ్ ముందు కూర్చున్నాడు. మా ఇంట్లో మొదటి కుట్లు నాకు పడాల్సింది, ఆమెకు పడ్డాయి, నాలుగు. ఎముక దక్కింది. కుట్లు వేస్తూ నర్సు అడిగింది, ఎట్ల తగిలిందమ్మా అని.

సుజాత నా వైపు చూడకుండా చెప్పింది. "బాత్రూంల జారిన."

మా ఇంట్లో ఆ అబద్ధం మొదట ఆమె తమ్ముణ్ణి కాచింది. తర్వాత నా పరువును కాచింది. ఇప్పుడు నన్ను కాయడానికి వచ్చింది. ఇంకా ఎవరెవరిని కాస్తూ పోతుందో నాకు కనపడింది.

"కాదు సిస్టర్. నేనే కొట్టిన" అన్నాను. "కర్రతోని. వేరేటోన్ని కొట్టబోయి."

నర్సు రాసుకుంది. రాసుకుని, నన్ను గది బయట కూర్చోమంది. ఆమెను ఒక్కదాన్నే కూర్చోబెట్టి చాలాసేపు మాట్లాడారు. అలా మాట్లాడటమే న్యాయం. హాలులో ఆ ఊగే కుర్చీల్లో నాకు అటు చివర మల్లేశ్ కూర్చున్నాడు. వాడు ఏడుస్తున్నాడని వరుస ఊగడాన్ని బట్టి తెలిసింది.

ఫిబ్రవరిలో ఆపరేషను రోజు పొద్దున వాడే వచ్చాడు, పిలవకుండా. గడపలో వీపు చూపించి కూర్చున్నాడు. రెండంతస్తులు మోసుకుని దింపాడు. నా రెండు చేతులూ వాడి మెడ చుట్టూ ఉన్నాయి. కొంచెం బిగిస్తే చాలు. కానీ వాడు మెట్ల మీద, నేను వాడి మీద. పగకైనా కొంచెం లెక్క తెలిసుండాలి.

మధ్య మలుపులో ఆగి ఊపిరి తీసుకున్నాడు. "ఆ దినం కావాల్ననే ఏసిన బావా, కత్తెర. పడ్తవనుకున్న. ఇరుగుతదనుకోలె."

"దించు ముందు. మాటలు నేలమీద మాట్లాడుకుందాం."

కిందికి వచ్చాక వాడు ఆటో కోసం పోయాడు, నేను కర్రలు సర్దుకున్నాను.

ఆపరేషనులో మెత్తకు రక్తం అందే అంచును కుట్టారు, నలిగిపోయిన భాగం తీసేశారు. దెబ్బ తగిలిన వారంలో వచ్చి ఉంటే ఇంకొంత మిగిలేదని పెద్ద డాక్టరు చెప్పాడు. కట్టు కట్టే ఆయన పిండుడు, నా మూడు నెలల నడక, రెండూ కలిసి గుజ్జును గీకేశాయట. ఎవరైనా ఇది చదువుతుంటే ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. వాపు తగ్గడమంటే బాగవడం కాదు. కాలు జారుతుంటే, బిగుస్తుంటే, ఎవరో పిండేదాకా ఆగకండి. మొదటి వారంలోనే చూపించుకోండి.

ఆ తర్వాత ఆరు వారాలు కాలు నేలకు ఆనించకూడదు. తర్వాత వంచడం. ఆ వంచడం ముందు కబడ్డీ పూలపాన్పు. ఫిజియోథెరపీ అమ్మాయి సుజాతకు నేర్పింది, మడమ ఎలా పట్టుకోవాలో, ఎంత నొక్కాలో, పది లెక్కపెట్టేదాకా ఎలా వదలకూడదో. సుజాత అప్పటికి ఏడు వారాలుగా నాతో మాట్లాడటం లేదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చేది. గాజుల్లేని, కుట్ల మచ్చ ఉన్న చేత్తో మడమ పట్టుకుని నొక్కేది. "ఒకటి. రెండు. మూడు." నేను దిండు కొరికి చింపాను. ఏడు దగ్గర ఆమె నొక్కు వదలకుండా కొంచెం ఆగేది, ఎప్పుడూ. ఆ ఆగడం ఫిజియోథెరపీలో లేదని నాకు తెలుసు.  నెల పాటు ఆమె నాతో అన్న మాటలు ఆ పది అంకెలే.

ఒక సాయంత్రం పది అయ్యాక వదలకుండా కూర్చుంది.

"నా చెయ్యి ఇరిగుంటె ఏం జేస్తుంటివి?"

"తెల్వది."

"తెల్వదనకు."

"నీ చెయ్యి గూడ గిట్లనే పట్టుకోని వంచుతుంటి. నువ్వు తిడుతుంటె పడుతుంటి."

"తిట్టుడు గిప్పుడు గూడ తిడ్త" అంది. తిట్టింది. చాలా రోజుల బాకీ, సగంలో ఆపలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ రోజునుంచి ఏడు దగ్గర ఆగడం మానేసింది.

ఏప్రిల్‌లో ఒకసారి, జూలైలో ఒకసారి డాక్టరమ్మ పిలిచి నమూనాలు తీసుకుంది. రక్తం, మూత్రం. నీరు లేదు కాబట్టి సూది లేదు. ప్రతిసారీ అడిగేవాణ్ణి, ఏమంటున్నది నా రజను అని. ప్రతిసారీ ఆమె అదే చెప్పేది, మీ ఒక్కరి గురించి చెప్పలేనండీ అని. మొదట్లో కోపమొచ్చేది. తర్వాత నాకు నేనే చెప్పుకున్నాను. ఒక్క కాగితం చూసి గేర్‌బాక్సు ఆయుష్షు చెప్పేవాడు మెకానిక్ కాదు, జోస్యుడు. తెలియదని చెప్పిన మనిషి చేతికే సీసా ఇవ్వాలి.

జూలై ఆఖరున మూడో నంబరు ముందు మేనేజరు నిలబడ్డాడు. షెడ్డంతా నిలబడింది. పద్నాలుగు మెట్లు. ఏడో మెట్టు మీద చెమటలు పట్టాయి. మనసులో సుజాత గొంతుతో లెక్కపెట్టుకున్నాను. పది దాటాక ఆమె దగ్గర అంకెలు లేవు. మిగతా నాలుగూ నేనే ఎక్కాను.

పైనుంచి చూస్తే మనుషులు నడిచే తీరు బాగా కనపడుతుంది. ఆగస్టులో ఒక రోజు పైన పని చేస్తూ కిందికి చూస్తే మల్లేశ్ స్టోరు మెట్లు దిగుతున్నాడు. ఒక్కో మెట్టుకు ఎడమ కాలే ముందు, కుడి చెయ్యి కమ్మీ మీద, పెదవి పళ్ళ కింద. ఆ నడక నాకు కొత్తది కాదు. మూడు నెలలు నేను నడిచిందే. అడిగితే, "ఏంలే బావా, బండి తగిలింది" అన్నాడు. వాడికీ ఒక బాత్రూం దొరికింది.

ఈ దసరా. మళ్ళీ పసుపు, కుంకుమ, నిమ్మకాయలు. గుమ్మడికాయ నేనే కొట్టాను. మధ్యాహ్నం గీత గీశారు. నేను ఈల మెడలో వేసుకుని కుర్చీలో కూర్చున్నాను. మల్లేశ్ చొక్కా విప్పి, ప్యాంటు మడిచి, కూతకు సిద్ధమయ్యాడు. ఎడమ మోకాలు ఉబ్బి ఉంది.

లేచి గీత దాటి లోపలికి పోయాను. వాడి ముందు కుడి మోకాలి మీద కూర్చోబోయి, కూర్చోలేక, వంగాను. జేబులోంచి ఎర్ర ట్యాగు తీసి వాడి ఎడమ చీలమండకు తీగతో కట్టాను. 'నడపరాదు.' కింద నా సంతకం.

"ఏంది బావా గిది?" గొంతు తగ్గించి అన్నాడు. "అందరు సూస్తున్నరు."

"నువ్వే గద కట్టుమన్నవ్. జర ఆలస్యమైంది."

వాడి మొహంలో రక్తం దిగిపోయింది. జట్టులో ఒక కుర్రాడు ట్యాగు లాగబోతే పక్కవాడు వాడి చెయ్యి మీద కొట్టాడు. మల్లేశ్ మేనేజరు వైపు చూశాడు. మేనేజరు ఆకాశం వైపు చూశాడు. కట్టినవాడే విప్పాలి.

"ఇప్పు బావా, నీ కాల్మొక్త."

"మొక్కకు. వంగితె మోకాలు పాడైతది."

ఆ రోజు వాడి జట్టు ఓడింది. వాడు కుంటుకుంటూ మాకు బిర్యానీ వడ్డించాడు. నేను రెండుసార్లు పెట్టించుకున్నాను.

సెలవులయ్యాక వాణ్ణి ఉప్పల్ తీసుకుపోయాను. ఆ ఊగే కుర్చీల్లో పక్కపక్కనే కూర్చున్నాం. డాక్టరమ్మ ట్యాగు చూసి నవ్వాపుకుంది. నీరు తీయాలంది. ఎలా పడ్డారని ఆమె అడిగేలోపే వాడు నా వైపు ఒకసారి చూసి, బండి కాదని, నిరుడు కత్తెర వేసినప్పటినుంచే లోపల ఏదో పట్టినట్టుందని, ఎవరి మీద వేశాడో కూడా చెప్పాడు.

సూది బయటికొచ్చింది. గేదెలదే, అదే.

"కాలు కదలకుండా పట్టుకుంటారా?" అని నన్ను అడిగింది.

పట్టుకున్నాను. కావలసినదానికంటే కొంచెం గట్టిగానే. సూది దిగేటప్పుడు మల్లేశ్ కళ్ళు మూసుకున్నాడు. నేను మూసుకోలేదు. మొదటినుంచి చివరిదాకా, రెప్ప వెయ్యకుండా చూశాను. వాడి అరుపు హాలు దాకా వినపడి ఉంటుంది. పది అంకెలు నిదానంగా, పైకే లెక్కపెట్టాను. ఏడు దగ్గర కొంచెం ఆగాను.

ట్యాగు ఇంకా విప్పలేదు.